ఉడుముగల్లు గోదా

కొండ రాతిని కరచి పట్టుకొన్న ఉడుములా ఏడు నల్లని బురుజులతో నిలిచి, నాలుగు తరాల రాజులను తన చాటున దాచుకొన్న ఉడుముగల్లు దుర్గం ఆ శ్రావణమాసాన పైడిగట్టు సేనల నడుమ చిక్కి ఊపిరాడక ఉన్నది. తూర్పున మైదానం కనిపించినంత మేరా శత్రువుల గుడారాలే. వాటి నడుమ పైడిగట్టు రాజు భీమభూపతి పసుపు పతాకం. దాని చుట్టూ గొలుసులు తెంచుకోజూసే ఏనుగులు, వానకు తడిసిన గుర్రాలు, పొద్దస్తమానం మోగే భేరులు. ముసురు విడవని ఆ దినాలలో శత్రువుల వంటపొగ గాలికి తేలి వచ్చి కోటలోని వారి ముక్కులకు తగిలేది. కోటలో మాత్రం గాదెలు అడుగంటాయి. రాజనగరులో సైతం జొన్న అంబలే మహాప్రసాదమై, గుర్రాలకు మేత లేక ఇళ్ళ కప్పుల పూరి పీకి వేయవలసి వచ్చింది.

అంతమంది ఆకలిని ఓర్చుకొని కూర్చున్న ఆ దుర్గంలో కూర్చోలేనివాడు ఒకడే ఉన్నాడు. అతని పేరు మాచజెట్టి. రాజ్యాలు తిరిగి, ఉత్సవం ఎక్కడ జరిగితే అక్కడ గోదాలో దిగి, గెలిచిన మరునాడే మూట కట్టి మరో ఊరి దారి పట్టడమే బ్రతుకుగా పెట్టుకొన్న మల్లుడు. కాలు కాలిన పిల్లిలా ఉదయం మొదలు చీకటి పడే దాకా ప్రాకారం మీద తిరుగుతూనే ఉండేవాడు. కావలి భటులు మొదట నవ్వారు, తరువాత విసుక్కొన్నారు, ఆఖరుకు అతని అడుగుల చప్పుడుకు అలవాటుపడి నిద్రపోసాగారు.

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరకుండవని సామెత. మాచజెట్టికి నోరు మంచిదే, కాలే చెడ్డది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇతడు రచ్చలన్నీ గెలిచాడు గాని, గెలవడానికి ఇల్లంటూ లేకపోయింది. ఎడమకాలికి వెండి పెండేరం, నడుమున ఒక తోలుసంచి, అంతే అతని ఆస్తి. సంచిలో ఉన్నది మన్ను. గురువుగారి గరిడీలో నుంచి తెచ్చుకొన్న పిడికెడు మట్టి మొదలు. ఆపైన ఏ గోదాలో దిగినా అందులోంచి చిటికెడు అక్కడ చల్లి, అక్కడి మన్ను చిటికెడు ఇందులో వేసుకొనేవాడు. ఎర్రమన్ను, నల్లరేగడి, ఏటి ఇసుక, సముద్రపు ఒడ్డు ఉప్పుమట్టి అన్నీ కలిసి ఆ సంచి ఏ ఒక్క దేశానిదీ కాని రంగులో ఉండేది.

అతనికి ఓటమి తెలియదు. తెలియకపోవడమే కాదు, ఆలస్యమూ తెలియదు. డోలు వేడెక్కే లోపల ఎదుటివాని వీపు నేలకు ఆనవలసిందే. జనం దాన్ని బలమని పొగిడారు. గురువు ఒక్కడే తల అడ్డంగా ఊపి, “నాయనా, నీకు పట్టు ఉన్నది, ఓపిక లేదు. నిలబడలేక గెలుస్తున్నావు. నిన్ను ఓడించేవాడు బలవంతుడు కాడురా, ఆలస్యం చేసేవాడు” అని హెచ్చరించాడు. ఆ మాట మాచజెట్టి ఒక చెవితో విని మరో చెవితో వదిలేశాడు.

ఇక్కడికి వచ్చిందీ ఒక ఉత్సవానికే. వీరభద్రుని తిరునాళ్ళలో నలుగురు జెట్టీలను పడగొట్టి, ఆ రాత్రి విందు తిని, తెల్లవారి బయలుదేరుదామని తలుపు దగ్గరకు వస్తే తలుపులు మూసి ఉన్నాయి. భీమభూపతి సేన రాత్రికి రాత్రే కోటను చుట్టుముట్టింది. ఆనాటి నుంచి అతడు ఒకరి యుద్ధంలో చిక్కిన బాటసారి.

అతణ్ణి లోపల్లోపల దహించేది ఇంకొకటి ఉంది. తుంగభద్ర ఒడ్డున మహానగరంలో ఆశ్వయుజాన జరిగే మహానవమి మల్లపోరుకు ఈ ఏడు దక్షిణదేశపు జెట్టీలందరినీ పిలిచారు. ఎన్నడూ తన ఊరు విడిచి రాని కావేరీతీరపు మల్లుడు కూడా వస్తున్నాడట. ‘అతణ్ణి పడగొడితే ఇక నేను పడగొట్టవలసినవాడు భూమి మీద ఉండడు. అప్పుడైనా ఈ కాళ్ళు నిలుస్తాయేమో’ అని మాచజెట్టి ఆశ. శ్రావణం వెళ్ళిపోతున్నది. దారి మూసి ఉన్నది.

ఆ కోటలో అతని మనసు తెలిసినవాడు దళవాయి సూరమరెడ్డి. ఇద్దరూ ఒకే గరిడీలో ఒకే గురువు దగ్గర సాము నేర్చారు. ఒకడు ఊరు విడిచిపోయాడు. మరొకడు ఊరికే కాపలా అయి, సామాన్య బంటు నుంచి సేనాపతి దాకా ఎదిగాడు. అమావాస్యకు ముందు, మంచూ వానా కలిసి కొండను కమ్మిన ఒక ఉదయాన సూరమరెడ్డి మాచజెట్టిని ఉత్తరపు బురుజు వెనుకకు పిలిచి, లావుపాటి మోకు ఒకటి అతని చేతికి ఇచ్చాడు.

“మాచా, ఈ కోటలో నేను నమ్మగలిగినవాడవు నీవొక్కడవే. ఎందుకంటే ఈ కోటలో నీకు కావలసింది ఏమీ లేదు. కావలసింది ఉన్నవాళ్ళంతా ఏదో ఒక ధరకు దొరికేటట్టున్నారు. మన్యపు దొరలు నాకు మాట ఇచ్చారు. ధాన్యమూ విలుకాండ్రూ సిద్ధం. వారిని తేవడానికి నేను ఈ మోకు పట్టుకొని దిగిపోతున్నాను. అమావాస్య దాటాక ఉత్తరపు లోయకు ఆవల అడవిలో కాచుకొని ఉంటాను. లోయలో కాపలా ఉన్న భీమభూపతి బంట్లు, ఆ నల్లకంబళ్ళవాళ్ళు, ఒక్క పూట చెదిరితే చాలు, బరువులతో లోయ వైపున్న చిన్న దిడ్డివాకిలి చేరి లోపలికి వస్తాను. వచ్చినట్టు గుర్తుగా నా నగారా ఇదే బురుజు మీద మోగుతుంది.”

“రాజుకు చెప్పావా?”

“ప్రభువు చిన్నవాడు. తనకు తెలిసిందంతా గుండనామాత్యునికి చెబుతాడు. అమాత్యునికి తెలిసింది ఏ గుడారానికి చేరుతుందో నాకు అనుమానంగా ఉంది. నేను పారిపోయానంటారు. అననీ. నీవు నోరు విప్పకు.”

మాచజెట్టి మోకును నడుముకు చుట్టుకొని, పాదాలు రాతికి తన్నిపెట్టి, తోడి శిష్యుణ్ణి మంచులోకి దించాడు. వెళ్ళేవాణ్ణి చూస్తుంటే అతనికి దుఃఖం కాదు, అసూయ కలిగింది.

అనుకొన్నట్టే అయింది. దళవాయి కనబడడం లేదన్న మాట పొక్కగానే గుండనామాత్యుడు కొలువులో కన్నీరు పెట్టి, “కంచే చేను మేసిన కాలం వచ్చింది ప్రభూ” అన్నాడు. యువరాజుగా ఉండగానే తండ్రిని పోగొట్టుకొని, ముట్టడిలోనే సింహాసనం ఎక్కిన పెద్దినాయకుడు ముఖం నల్లగా చేసుకొని లేచిపోయాడు. వీధుల్లో ఆడవాళ్ళు సూరమరెడ్డి ఇంటి వైపు చూసి ఉమ్మివేశారు. మాచజెట్టి పళ్ళు బిగించి మరింత వేగంగా తిరిగాడు.

భాద్రపదం వచ్చిన కొద్దిదినాలకు, ఒక ఉదయం కోట వాకిలి ఎదుట వెదురు గడకు కట్టిన ఎర్రని చల్లడం ఒకటి గాలికి ఆడుతూ కనబడింది. గోదాలో జెట్టి తొడిగే ఆ పొట్టి లాగును వాకిలి ముందు ఎగురవేస్తే, లోపల జెట్టి అన్నవాడు ఉంటే బయటికి రావలసిందే. భీమభూపతి వార్తాహరుడు గొంతెత్తి చాటాడు: “మా ఆస్థాన మల్లుడు లింగజెట్టి పిలుస్తున్నాడు! అతని వీపు నేల తాకితే మా ప్రభువు ముట్టడి ఎత్తి మరలిపోతాడు. మీ జెట్టి వీపు నేల తాకితే మీరు కోట తలుపులు తెరవాలి!”

కొలువులో గుండనామాత్యుడే ముందుగా లేచాడు. “ప్రభూ, ఆకలితో చచ్చే ప్రజను ఒక్క మనిషి భుజబలంతో కాపాడుకొనే అవకాశం దైవమిచ్చింది. ఓటమి ఎరుగని మాచజెట్టి మన కోటలోనే ఉన్నాడు. కాదంటే లోకం మనల్ని పిరికివాళ్ళంటుంది.” పిరికి అన్న మాట విన్నాక చిన్న వయసు రాజు ఆగుతాడా! వెంటనే ఒప్పుకొన్నాడు.

ఆ సాయంకాలం అమాత్యుడు స్వయంగా ప్రాకారం మీదికి వచ్చాడు. మాచజెట్టితో కలిసి కొంతదూరం నడిచాడు కూడా. ఆగితే ఆ మనిషి వినడని అతనికి తెలుసు.

“జెట్టీ, నిన్ను చూస్తే నాకు జాలి. పంజరంలో పులిని పెట్టినా ఇంత తిరగదు. నీకు ఈ రాజ్యంతో ఏమి పని? రేపు నీవు గెలిచావనుకో. భీమభూపతి మాట తప్పి కోపంతో గోడల మీద పడతాడు. గోడల మీద విల్లెత్తే ఓపిక ఎవరికుంది? ఆ చావులో నీవూ చస్తావు. అదే నీవు పడిపోయావనుకో, తలుపులు తెరుచుకొంటాయి, నెత్తురు చుక్క రాలదు, నీవు నడచిపోతావు. లింగజెట్టి చేతిలో పడితే తప్పుపట్టేవాడెవడు? మహానవమికి ఇంకా వ్యవధి ఉంది. పోయిన పేరు అక్కడ పదింతలు తెచ్చుకో. భీమభూపతి నీకు గుర్రాన్ని కూడా ఇస్తాడు.”

గుర్రాన్ని ఇస్తాడని ఈయనకెలా తెలుసు? ఆ ఒక్క మాటతో మాచజెట్టికి అంతా తెలిసిపోయింది. అయినా కోపం రాలేదు. అదే అతణ్ణి భయపెట్టింది. తలుపులు తెరుచుకొంటాయన్న మాట చెవిని పడగానే అరికాళ్ళు జివ్వుమన్నాయి. ఎర్రదుమ్ము దారి, తెల్లారగట్ట చద్ది మూట, ముందు ఎవరో తెలియని ఊరు, తెలియని మల్లుడు అన్నీ కళ్ళ ముందు ఆడాయి. ‘ఛీ, ఎంతకు దొరుకుతానో ఈయన సరిగ్గానే లెక్కవేశాడు’ అనుకొన్నాడు. రాజుతో చెబుదామా అంటే, తండ్రినాటి మంత్రి మాట ముందు ఊరూ పేరూ లేని తిరుగుబోతు మాట నిలుస్తుందా?

“ఆలోచిస్తాను అమాత్యా” అన్నాడు.

ఆలోచించాడు. పడితే తలుపులు తెరుచుకొంటాయి, సూరమరెడ్డి అడవిలో కాచుకొని ఉండగానే. గెలిస్తే ఆ మాట తప్పే రాజు గోడల మీదికి వస్తాడు. ఆ ముక్క అమాత్యుడు నిజమే చెప్పాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తిరిగి తిరిగి ఉత్తరపు బురుజు దగ్గరకు వచ్చేసరికి, కింద లోయలో నల్లకంబళ్ళు కప్పుకొన్న కావలివాళ్ళు ఇద్దరు ఒకరి జబ్బ ఒకరు పట్టి సరదాగా కుస్తీ పడుతూ కనిపించారు. మిగిలినవాళ్ళు చుట్టూ చేరి ఈలలు వేస్తున్నారు. మాచజెట్టి మొట్టమొదటిసారి ఆ ప్రాకారం మీద ఆగి నిలబడ్డాడు.

జెట్టీల లోకంలో ఒక కట్టు ఉంది. ఇద్దరు మల్లులూ కలిసి నేలను తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ పోసి మన్నును మెత్తన చేయడాన్ని మన్ను తెరవడం అంటారు. పోరు ముగిశాక ఆ ఇద్దరే కలిసి తొక్కి చదును చేస్తే మన్ను మూసినట్టు. మన్ను తెరచి ఉన్నంతసేపు ఆ చుట్టుపక్కల ఎవరూ కత్తి దూయకూడదు, బాణం వేయకూడదు. దూసినవాని వంశం వీరభద్రుని చేతిలో మాడిపోతుందని ప్రతి బంటుకూ నమ్మకం. రాజుల మాట తప్పవచ్చు గాని గోదా మాట తప్పరాదు. పొద్దు గుంకే వరకూ ఎవరి వీపూ నేల తాకకపోతే ఇద్దరూ సమానమే, పందెం చెల్లదు. పొద్దు గుంకే దాకా సాగిన పోరు మాత్రం ఎవరూ చూడలేదు.

‘గెలవకూడదు. ఓడకూడదు. నిలవాలి’ అనుకొన్నాడు మాచజెట్టి. అనుకొని, తనకు చేతకానిది ప్రపంచంలో అదొక్కటేనని గుర్తుకు వచ్చి నవ్వుకొన్నాడు.

మరునాడు వాన తెరిపి ఇచ్చింది. కోట వాకిలికీ శత్రుశిబిరానికీ నడుమ ఇద్దరూ మన్ను తెరిచారు. లింగజెట్టి మాచజెట్టికంటే పెద్దవాడు, కండ సడలని నల్లని మనిషి, మహాబలుడు. ఒకప్పుడు ఏదో ఊరి సత్రంలో మాచజెట్టి జ్వరంతో పడి ఉంటే, మరునాడు తనతో తలపడవలసినవాడని తెలిసీ అతని కాళ్ళకు ఆముదం పట్టించి లేపినవాడు. ఆనాడు మాచజెట్టి గెలిచాడు. ఇప్పుడు తోలుసంచి విప్పి చిటికెడు మన్ను చల్లుతుంటే లింగజెట్టి చూసి, “ఇంకా మోస్తున్నావా తమ్ముడూ?” అని నవ్వాడు. ఒకరి భుజాలకు ఒకరు మన్ను పూశారు. డోలు మోగింది.

ఆకాశం పగిలేలా జబ్బలు చరిచి ఇద్దరూ కలబడ్డారు. మొదటి పట్టులోనే లింగజెట్టి నడుము మాచజెట్టి చేతికి దొరికింది. కోట బురుజుల మీద జనం ‘అయిపోయింది!’ అని కేక వేశారు. మాచజెట్టి చేతులు ఎత్తి కొట్టడానికి వాటంతట అవే లేచాయి. వాటిని ఆపడం లింగజెట్టిని ఆపడం కంటే కష్టమయింది. అతడు పట్టు వదిలి వెనక్కి జరిగాడు. జనం విస్తుపోయారు.

పొద్దు ఎక్కింది. తప్పుకోవడం, చుట్టి రావడం, పట్టు ఇచ్చి విడిపించుకోవడం, మళ్ళీ మొదలు. మాచజెట్టి కన్ను ఎదుటివాని భుజం మీద సగం, గుంపు మీద సగం ఉంది. తలపాగాల కాపులు, ఏనుగు మావటులు, వంటవాళ్ళు, గుర్రపు రౌతులు ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు. నల్లకంబళ్ళు లేవు. రెక్కలు బరువెక్కాయి. ‘అబ్బ, ఎత్తి కొట్టి పోరాదా!’ అని ఒళ్ళంతా పోరుపెట్టింది. తన ఒంటితోనే తాను కుస్తీ పడుతూ, దాన్ని బూతులు తిట్టుకొంటూ నిలబడ్డాడు.

కోట మీది నుంచి మొదట గొణుగుడు, తరువాత ఈలలు, తరువాత తిట్లు వచ్చాయి. “ఏమి జెట్టివయ్యా, గంగిరెద్దులా ఆడుతున్నావు!” “అంబలి తాగి సత్తువ పోయిందిరా!” “పిరికి మాచడు!” ఏ ఊరి గోదాలోనూ ఎవరూ అనని మాట అది. ముఖాన కొట్టినట్టయింది. ఒక బ్రతుకంతా నడిచి సంపాదించుకొన్న పేరు ఒక్క పూటలో కరిగి మజ్జిగ మన్నులో కలుస్తుంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమట అనుకొన్నారు అందరూ.

పెద్దినాయకుడు వాకిలి మీది మండపంలో లేచి నిలిచాడు. “జెట్టీ! నా ప్రజ ప్రాణాలు నీ భుజం మీద పెట్టాను. ఇది పోరాటమా, గారడీయా?” పక్కన గుండనామాత్యుడు మెల్లగా అందుకొన్నాడు: “శత్రువుకు అమ్ముడుపోయాడు ప్రభూ. ఓడినట్టు చాటించి, మర్యాదగా తలుపులు తెరిపించడం మేలు.” రాజు చేయి సగం లేచి ఆగింది. ఎందుకు ఆగిందో ఆ రాజుకే తెలియదు. బహుశా అంత దూరం నుంచీ ఆ మల్లుని ముఖంలో అమ్ముడుపోయినవాని పోలిక కనబడలేదేమో.

మధ్యాహ్నం దాటాక, పోరు ఇంకా ముగియలేదన్న వింత లోయ దాకా పాకింది. నల్లకంబళ్ళవాళ్ళు ఆగలేక పరుగెత్తుకొని వచ్చి, వరుసగా నేల మీద కూర్చొని గోళ్ళు కొరుకుతూ చూడసాగారు. మాచజెట్టికి ప్రాణం లేచివచ్చింది.

అప్పుడే లింగజెట్టి అతని మెడ వంచి, చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు: “ఉదయం నా నడుము దొరికితే విడిచావు. తొందరపడే మాచడివి, ఇవాళ ఏమిటిది?” మాచజెట్టి చూపు గుంపు మీదికి పోయింది. లింగజెట్టి అతని చూపు ఎటుందో చూశాడు, కంబళ్ళను చూశాడు, ఆ పైన ఖాళీ లోయ వైపు చూశాడు. ముప్పై ఊళ్ళ గోదాలు చూసిన కళ్ళు అవి.

“తెలిసింది తమ్ముడూ. నేను తిన్న ఉప్పు భీమభూపతిది. నిన్ను పడగొట్టడం నా పని, పడగొట్టక మానను. కానీ నేను జెట్టిని, వేగులవాణ్ణి కాను. గోదాలో తెలిసింది గోదా దాటి చెప్పను. కాచుకో!”

ఆ తరువాత లింగజెట్టి పట్టినదే పట్టు. ఏటి పొంగులా మీద పడ్డాడు. పొద్దు పడమటికి వాలే వేళకు మాచజెట్టి కాలు జారింది, బోర్లా పడ్డాడు, లింగజెట్టి అతని ఎడమకాలిని చంకలో బిగించి, వెల్లకిలా తిప్పడానికి మెలి వేయసాగాడు. కాలి దారినే ఒళ్ళు తిరిగితే మోకాలు దక్కుతుంది, వీపు నేలకు ఆనుతుంది. తిరగకపోతే మోకాలు పోతుంది. జెట్టీలందరికీ తెలిసిన లెక్క అది. మోకాలు పోగొట్టుకొన్న జెట్టి ఎవడూ లేడు, అందరూ తిరుగుతారు.

“తిరుగు మాచా!” అన్నాడు లింగజెట్టి. పోరులో ప్రత్యర్థి బ్రతిమాలడం ఎవరైనా విన్నారా? “తిరుగరా, నీ కాలు! ఆ కాలు లేక నీవేమి మిగులుతావు?”

మాచజెట్టి కళ్ళ ముందు మళ్ళీ ఎర్రదుమ్ము దారి మెరిసింది. తుంగభద్ర ఒడ్డు, మహానవమి డోళ్ళు, ఇంకా చూడని కావేరీ మల్లుని ముఖం కనబడ్డాయి. అతడు కాలి దారిన తిరగక, ఎదురు మెలి తిరిగి లేచి, రెండు చేతులతో లింగజెట్టి నడుమును చుట్టి, ముఖం ఆ మనిషి పొట్టకు ఆనించి, కళ్ళు మూసుకొని ఉడుము పట్టు పట్టాడు. మోకాలు విరిగిన చప్పుడు వాకిలి మీది దాకా వినబడింది. తిట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అతడు అరవలేదు, వదలలేదు.

లింగజెట్టి కాలు విడిచి మెడ పట్టాడు, మెడ విడిచి చేయి పట్టాడు. ఎక్కడ పట్టినా ఆ చేతులు సడలలేదు. కదలడమే తెలియని కొండరాయిలా మాచజెట్టి అతని నడుముకు అంటుకొని ఉన్నాడు. పడమట మబ్బుల అంచు ఎర్రబారుతుండగా, ఉత్తరపు బురుజు మీద దళవాయి నగారా దిక్కులు అదిరేలా మోగింది.

అందరి తలలూ అటు తిరిగాయి. బురుజు మీద సూరమరెడ్డి. అతని వెనుక మన్యపు విలుకాండ్రు. వారి వెనుక భుజాన ధాన్యపు మూటలతో వరుసలు వరుసలు. భీమభూపతి ఒళ్ళు మరచిపోయాడు. తన గద్దె మీది నుంచి లేచి, రెండు సేనలూ వింటుండగా, “గుండనా! దళవాయి పారిపోయాడన్నావు! సాయంకాలానికి తలుపులు తెరిపిస్తానన్నావు! నీ మాట నమ్మి కాపలా చెడగొట్టుకొన్నానురా!” అని గర్జించాడు.

మండపంలో పెద్దినాయకుడు మెల్లగా అమాత్యుని వైపు తిరిగాడు. ఆ క్షణంలో గుండనామాత్యుని ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. “నాలుగు తరాలు మీ ఇంటి మాట విని ఈ రాజ్యం నడిచింది అమాత్యా. దళవాయి ఇంటి వైపు నా ప్రజ ఉమ్మివేస్తుంటే నేను చూస్తూ కూర్చొన్నాను. ఆ పాపం మీకూ నాకూ సగం సగం” అని, భటులకు సైగ చేశాడు.

కింద, పైడిగట్టు నాయకుడొకడు కోపం పట్టలేక కత్తి పిడి మీద చేయి వేశాడు. అతని బంట్లే అతని చేయి పట్టుకొన్నారు. “అయ్యా, మన్ను తెరచి ఉంది!” అన్నారు నల్లకంబళ్ళవాళ్ళు. లింగజెట్టి తన నడుము చుట్టూ బిగిసిన చేతులను మెల్లగా విడదీసి లేచి నిలబడి, చేతులెత్తి చాటాడు: “పొద్దు గుంకింది. ఇద్దరి వీపులూ నేల తాకలేదు. పందెం చెల్లదు. మేమిద్దరం తొక్కి మూసే దాకా ఈ మన్ను తెరచే ఉంటుంది. నాకు ఒళ్ళు నొప్పిగా ఉంది, మెల్లగా మూస్తాను!”

చివరి ధాన్యపు మూట దిడ్డివాకిలి దాటే వరకూ అతడు గోదాలోనే చతికిలబడి కూర్చొన్నాడు. తరువాత వంగి మాచజెట్టిని పసిబిడ్డలా భుజాన ఎత్తుకొన్నాడు. మన్ను ఇద్దరూ కలిసి తొక్కాలి. ఒకడికి కాలు లేదు. లింగజెట్టి ఆ బరువుతో గోదా అంతా తిరిగి, ఒక అడుగు తన పేర, ఒక అడుగు అతని పేర వేస్తూ మన్ను మూశాడు. రెండు సేనలూ నిలబడి చూశాయి. 

ధాన్యం చేరిన కోటను వానలో ముట్టడించి లాభం లేదని భీమభూపతి కొద్దిదినాలకే గుడారాలు ఎత్తాడు. వెళ్ళేముందు లింగజెట్టి వాకిలి దగ్గరకు వచ్చాడు. అరుగు మీద వెదురు బద్దలతో కట్టిన కాలు చాపుకొని కూర్చున్న మాచజెట్టి, నడుమున ఉన్న తోలుసంచి విప్పి అతని చేతిలో పెట్టాడు.

“మహానవమికి పోతావు కదా అన్నా. నేను తిరిగిన దేశాలన్నీ ఇందులో ఉన్నాయి. గోదాలో చిటికెడు వెయ్యి.”  పక్కన నిలిచిన సూరమరెడ్డి, రాజు ఇస్తానన్న మాన్యం మాట, ఇంటి మాట ఎత్తబోయి మానుకొన్నాడు.

తలుపులు తెరుచుకొన్నాయి. దారి కనబడినంత మేరా ఖాళీగా ఉంది. మాచజెట్టి ఆ అరుగు మీద రోజూ పొద్దున కూర్చొనేవాడు. ఎడమకాలు కర్రలా చాచి ఉండేది. కుడికాలు మాత్రం ఊరకుండేది కాదు, నేల మీద తాళం వేస్తూనే ఉండేది. వెళ్ళి వచ్చేవాళ్ళను ‘ఎక్కడి నుంచి, ఏ ఊరి మీదుగా’ అని విసిగించేవాడు. దళవాయి కొలువు ముగించుకొని వచ్చి పక్కన కూర్చొంటే, “నీవు ఇన్నేళ్ళు ఒకేచోట ఎలా ఉన్నావురా సూరా? నాకు నేర్పు” అనేవాడు. “నీకంటే బాగా నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. నీకు నేనేమి నేర్పను?” అనేవాడు సూరమరెడ్డి.

కార్తికమాసంలో ఒక మిట్టమధ్యాహ్నం, దారిలో కుంటుతూ వచ్చే నల్లని మనిషిని ముందుగా చూసింది మాచజెట్టే. లింగజెట్టి వచ్చి అరుగు మీద కూలబడి, సంచి తీసి ఒళ్ళో పెట్టాడు. పైన కొత్త మన్ను ఉంది, లేత పసుపురంగులో. మాచజెట్టి దాన్ని వేళ్ళతో తీసి వాసన చూశాడు. తుంగభద్ర నీటి వాసన. తాను నడిచి తెచ్చుకోవలసిన మన్ను. కన్నీళ్ళు దాచుకోవాలని కూడా అనుకోకుండా, వెళ్ళలేకపోయినందుకు వెక్కివెక్కి ఏడ్చాడు. ఇద్దరు స్నేహితులూ ఏడవనిచ్చారు.

కాసేపటికి కళ్ళు తుడుచుకొని, “గెలిచావా?” అన్నాడు.

“కావేరీవాడు పడగొట్టాడు. వాడు తొందరపడడు తమ్ముడూ. నిలబడి నిలబడి చంపుతాడు.”

మాచజెట్టి కుడికాలు ఆగిపోయింది. కళ్ళు మెరిశాయి. “ఎలా పడ్డావు? ఏ పట్టు? చూపించు.”

“నీ కాలు చూసుకోరా మొదట!”

“నోటితో చెబితే నాకు తెలియదు. ఇటు రా, నడుము ఇవ్వు.”

లింగజెట్టి విసుక్కొంటూనే లేచి ఎదుట నిలబడి వంగాడు. అరుగు మీద కూర్చొన్నవాడు కూర్చొన్నట్టే రెండు చేతులూ చాచి ఆ నడుమును చుట్టాడు. “ఊఁ, ఇప్పుడు వాడేమి చేశాడు?” “ఇటు తిరిగాడు.” “తిరుగు చూద్దాం.” లింగజెట్టి తిరగబోయాడు, కదలలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. “వదలరా, ఊపిరాడడం లేదు” అన్నాడు. వాకిలి కావలివాళ్ళు మూగారు. సూరమరెడ్డి గుమ్మానికి ఆనుకొని నవ్వుతూ చూస్తున్నాడు. మాచజెట్టి వదలలేదు.